కొండ దిగేలోపు చెప్పాల్సిన మాట

2023వ సంవత్సరం, వానలు వెనకబట్టిన రోజులు. అప్పటికి కొండాపూర్‌లో నేను సైకిల్ వర్క్‌షాప్ పెట్టి ఆరేళ్లయింది. సైకిల్ షాపు అనగానే చాలామందికి గాలి పంపు, నీళ్ల బేసిను, పంక్చర్ ముక్కలు గుర్తొస్తాయి. నా దగ్గరికి వచ్చేవి వేరు. వారమంతా హైటెక్ సిటీలో లాప్‌టాప్ ముందు కూర్చుని, శని ఆదివారాలు గండిపేట దాకా తొక్కి వచ్చేవాళ్ల కార్బన్ సైకిళ్లు అవి. రెండు వేళ్లతో ఎత్తొచ్చు. అంత తేలిక, అంత సున్నితం కూడా.

నా పేరు స్వరూప. మాది జనగామ వైపు. మెకానికల్ డిప్లొమా చేసి, చర్లపల్లిలో విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ విభాగంలో ఏడేళ్లు పనిచేశాను. అక్కడ కొలిచే ప్రతి పరికరం మీదా ఒక స్టిక్కర్ ఉండేది. దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో, మళ్లీ ఎప్పుడు చూడాలో రాసి ఉండేది. గడువు దాటిన పరికరాన్ని ముట్టుకుంటే మా పెద్దసారు వెంకటరెడ్డి గారు చేతిమీద కొట్టినంత పని చేసేవారు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తెలియక జరిగిందని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆ ఏడాది హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రొఫెషనల్ సైక్లింగ్ టీమును నిలబెట్టింది. అయిదుగురు రైడర్లు, ఒక మేనేజరు, ఒక మెకానిక్. మెకానిక్‌ను నేను. మేనేజరు సత్యనారాయణరాజు గారు భీమవరం నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డ మనిషి. వయసులో ఉన్నప్పుడు తనూ రేసులు తొక్కారు. ఆడమనిషి మెకానిక్ ఏమిటని చాలామంది అడిగితే, "ఆవిడ బిగిస్తే ఊడదండీ" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాట నాకు పతకంలా ఉండేది.

రైడర్లలో మా ఆశంతా హరి మీద. రాయచోటి కుర్రాడు, ఇరవై ఆరేళ్లు. ఐటీ కంపెనీలో నాలుగేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేసి, అది మానేసి టీములో చేరాడు. నిజాంపేటలో హాస్టల్ గదిలో ఉండేవాడు. ఇంట్లో వాళ్లకు ఒక మాట ఇచ్చి వచ్చాడు. ఏడాదిలో ఒక పెద్ద రేసు గెలవాలి, లేకపోతే మళ్లీ ఉద్యోగంలో చేరాలి. ఆ ఏడాదికి అదే చివరి పెద్ద రేసు.

అది అయిదు రోజుల స్టేజ్ రేసు. పడమటి కనుమల్లో, తేయాకు తోటల కొండల మీద. స్టేజ్ రేసు అంటే రోజుకో దారి. ప్రతి రోజూ పట్టిన సమయాన్ని కలుపుకుంటూ పోతారు. అయిదు రోజులకూ కలిపి ఎవరి సమయం తక్కువైతే వాళ్లు విజేత. ఒక రోజు పోగొట్టుకున్న అర నిమిషాన్ని మరో రోజు తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

రెండో రోజు రేసు ముగిశాక, సాయంత్రం హోటల్ వరండాలో సైకిళ్లు స్టాండుకు ఎక్కించి పని చేసుకుంటున్నాను. ఇమ్రాన్ అనే రైడరు వచ్చి, "అక్కా, సీట్ జర కిందికి దించు, మోకాలు గుంజుతుంది" అన్నాడు. దించి బిగించాను. తర్వాత హరి వచ్చాడు. హ్యాండిల్ కాస్త ముందుకు కావాలన్నాడు.

ఇక్కడ రెండు పేర్లు చెప్పాలి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు నుంచి ఒక గొట్టం పైకి వస్తుంది, దాన్ని స్టీరర్ అంటారు. హ్యాండిల్‌ను ఆ గొట్టానికి కరిపించి ఉంచే ముక్క పేరు స్టెమ్. హరికి పాత స్టెమ్ తీసి, ఒక సెంటీమీటరు పొడవైనది వేశాను. దీన్ని టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఎంత బిగువు కావాలో అంకె పెట్టి తిప్పితే, అంత బిగువు రాగానే అది టక్కుమంటుంది. అక్కడ చెయ్యి ఆపాలి. ఇనుమైతే ఎక్కువ బిగించినా వంగి మనకు చెబుతుంది. కార్బన్ చెప్పదు. లోపల పొరలు నలిగినా పైకి నున్నగా, కొత్తదానిలా కనిపిస్తుంది. ఏదో ఒక రోజు గట్టి బ్రేకు పడగానే పుటుక్కుమంటుంది. కొండ దిగుతూ గంటకు డెబ్బై కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు స్టీరర్ విరిగితే హ్యాండిల్ చేతుల్లోకి ఊడి వస్తుంది. ఆ తర్వాత మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు.

ఆ ఇద్దరి పనీ మొదలుపెట్టకముందే బల్ల మీద నుంచి రెంచ్ దొర్లి గ్రానైట్ నేల మీద పడింది. ఖంగుమంది. తీసి, చీరకొంగుకు తుడిచినట్టు టీషర్టు అంచుకు తుడిచి, ఒకసారి తిప్పి చూశాను. టక్కుమంది. బాగానే ఉందనుకున్నాను. పనిలో పడిపోయాను.

మూడో రోజు ఎత్తుపల్లాల దారి. ఏమీ కాలేదు. హరి మొత్తం సమయంలో రెండో స్థానానికి వచ్చాడు. మొదటివాడికీ ఇతనికీ తేడా పదకొండు సెకన్లు.

నాలుగో రోజు అసలు పరీక్ష. పద్దెనిమిది కిలోమీటర్ల ఎక్కుడు, ఆ తర్వాత ముప్పైకి పైగా హెయిర్‌పిన్ మలుపులతో కిందికి దిగుడు, కొండ కిందే ముగింపు గీత. పొద్దున్నే మబ్బు కొండ నడుముకు దిగి ఉంది. టీము కారు రాజు గారు నడుపుతారు. నేను వెనక సీట్లో చక్రాలు, పనిముట్ల పెట్టెతో కూర్చుంటాను. కారు పైన రెండు స్పేర్ సైకిళ్లు ఉంటాయి. ఆ స్థాయి రేసుల్లో రైడర్ల చెవిలో రేడియో ఉండదు. కార్లలో ఉండే రేడియో అధికారులు చెప్పేది వినడానికి, వాళ్లను అనుమతి అడగడానికి మాత్రమే. రైడరుకు ఏదైనా చెప్పాలంటే అతని పక్కకు వెళ్లి చెప్పాల్సిందే.

ఎక్కుడు సగమయ్యేసరికి హరి, మరో టీము రైడరు ఒకడు గుంపును వదిలి ముందుకు వెళ్లిపోయారు. రేడియోలో గంటకొట్టినట్టు వినిపించింది, తేడా యాభై సెకన్లని. రాజు గారు స్టీరింగ్ మీద దరువు వేశారు.

"ఇవాళ కొట్టేస్తాడమ్మా మనవాడు! దిగుడులో వాణ్ని పట్టుకునేవాడు లేడు."

అప్పుడే ఇమ్రాన్ గుంపు వెనక్కి జారి చెయ్యెత్తాడు. సీటు ముక్కు ఆకాశం చూస్తోంది.

"అక్కా, సీట్ కూచుంటలేదు. ఏదో పగిలింది," అన్నాడు రొప్పుతూ.

దిగి, పైనున్న చిన్న స్పేర్ సైకిల్ ఇచ్చి తోశాను. అతను వెళ్లిపోయాడు. అతని సైకిల్‌ను పైకి ఎక్కించబోతూ సీటు కింద గొట్టం చూశాను. క్లాంపు పట్టిన చోట వెంట్రుక మందం గీత. చుట్టూ తిరిగి ఉంది. బోల్టు వదులుచేద్దామని పానా పెడితే కదలలేదు. బలమంతా పెడితే అప్పుడు వదిలింది. నేను బిగించిన బోల్టు అంత గట్టిగా ఉండకూడదు.

కారు కదిలాక పెట్టెలో నుంచి అల్యూమినియం గొట్టం ముక్క, ఒక క్లాంపు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. నా దగ్గర చిన్న టార్క్ పానా ఒకటి ఉండేది. దానికి అంకెలు మార్చే పని లేదు, ఎప్పుడూ అయిదు దగ్గరే టక్కుమంటుంది. దానితో క్లాంపు బిగించాను. టక్. తర్వాత పెద్ద రెంచ్‌ను అయిదు మీద పెట్టి అదే బోల్టుకు పట్టించాను. రెండూ సరైనవైతే ముట్టగానే టక్కుమనాలి.

అనలేదు. తిప్పాను. అనలేదు. ఇంకా తిప్పాను. నా మణికట్టు వణికేంత దూరం వెళ్లాక అప్పుడు టక్కుమంది.

రెండు రోజుల నుంచి ఆ రెంచ్ నాకు అబద్ధం చెబుతోంది. దానితో నేను బిగించినవి రెండే రెండు. ఒకటి పగిలి కారు పైన ఉంది. రెండోది హరి చేతుల కింద ఉంది, కొండ మీదికి వెళుతోంది. శిఖరానికి ఏడు కిలోమీటర్లు. ఆ తర్వాత దిగుడు.

ఇక్కడ నేను దాచుకోకుండా ఒక సంగతి రాయాలి. నేను వెంటనే నోరు విప్పలేదు. రెండు మలుపులు దాటే దాకా ఆ గొట్టం ముక్కను ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. నిన్న రోజంతా తొక్కాడు కదా, ఏం కాలేదు కదా అనుకున్నాను. స్టీరర్ గొట్టం మందంగా ఉంటుంది, సీటు గొట్టం కంటే గట్టిది అనుకున్నాను. చెబితే రేసు పోతుంది, నా పేరు పోతుంది, చెప్పకపోతే బహుశా ఏమీ కాదు. 'బహుశా' అన్న ఆ ఒక్క మాటను పట్టుకుని రెండు మలుపులు వేలాడాను. మూడో మలుపులో రోడ్డు అంచున రాళ్ల కట్ట కనిపించింది. దాని అవతల ఏమీ లేదు. తెల్లటి మబ్బు మాత్రమే. నా కళ్ల ముందు హరి చేతుల్లో ఊడొచ్చిన హ్యాండిల్ కనిపించింది.

"సార్, బండి ముందటికి పోనియ్యుండ్రి. హరిని ఆపాలె."

రాజు గారు అద్దంలో నా వైపు చూశారు. "ఆపడమేంటమ్మా?"

"రెంచ్ తప్పు చూపిస్తుంది. మొన్న కింద పడేసిన. ఇమ్రాన్ సీటు గొట్టం గందుకే పగిలింది. హరి స్టెమ్ కూడ దానితోటే బిగించిన. స్టీరర్ లోపల నలిగుండొచ్చు."

రాజు గారు రేడియో చప్పుడు తగ్గించారు.

"నలిగుండొచ్చా, నలిగిందా?"

"తెల్వదు సార్."

"తెలియకుండా ఎలా ఆపుతామమ్మా! కుర్రాడు గెలుస్తున్నాడు. నిన్న నూట ఇరవై కిలోమీటర్లు అదే సైకిల్ మీద తొక్కాడు కదా. వాడి జీవితం ఇది. నువ్వేమో తెలీదంటున్నావు."

"నిన్న గిసొంటి దిగుడు లేదు సార్. ఇయ్యాల ముప్పై సార్లు గట్టిగ బ్రేక్ కొడ్తడు. ఏ బ్రేకుకు పోతదో నేను చెప్పలేను. పోదని కూడ చెప్పలేను." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తప్పు నాది. రేసు అయినంక నన్నేమన్న చెయ్యిండ్రి. ముందుగల హరి పక్కకు తీస్కపోండ్రి."

ఆయన రేడియో మైకు తీసి ముందుకు వెళ్లడానికి అనుమతి అడిగారు. రేసు అధికారులను కొమిసేర్లు అంటారు. వాళ్లు ఆగమన్నారు. ముందున్నవాళ్లకూ గుంపుకూ మధ్య తేడా ఒక నిమిషం దాటితే తప్ప కార్లను పంపరు. గుంపుకు ఇంకా యాభై అయిదు సెకన్లే ఉంది.

అయిదు కిలోమీటర్లు. నాలుగు. గుంపు వెనక, నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో, వరుసలో నాలుగో కారుగా పాకుతున్నాం. రెంచ్ ఇంకా నా చేతిలోనే ఉంది. రోడ్డు పక్కన గొడుగులు పట్టుకుని జనం చప్పట్లు కొడుతున్నారు. ఒక పెద్దావిడ మా కారు కిటికీలోకి చూసి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. యాభై ఎనిమిది. యాభై ఆరు. మళ్లీ యాభై తొమ్మిది. నా జన్మలో ఎన్నడూ ఒక్క సెకను కోసం అంతగా మొక్కుకోలేదు.

శిఖరానికి మూడు కిలోమీటర్లు ఉందనగా నిమిషం అయిదు సెకన్లు అన్నారు. రాజు గారు హారను మీద చెయ్యి తీయకుండా గుంపును దాటించారు. మేము హరి వెనక్కి చేరేసరికి శిఖరం బ్యానరు కనిపిస్తోంది. ఇంకో కిలోమీటరు ఉందేమో. ఇద్దరూ పక్కపక్కనే తొక్కుతున్నారు. హరి ఆకుపచ్చ చొక్కా చెమటకు నల్లబడింది. మమ్మల్ని చూసి నవ్వాడు.

"నీళ్లేమీ వద్దక్కా, సాలు," అన్నాడు.

కిటికీలో నుంచి సగం బయటికి వంగాను. "హరీ, సైకిల్ మార్సుకో. ఇక్కడనే ఆగు."

"ఎందుకు? బాగుండాదే!"

"స్టెమ్ ఎక్కువ బిగిచ్చిన. రెంచ్ తప్పు చూపింది. స్టీరర్ నలిగుండొచ్చు."

అతను తొక్కడం ఆపలేదు. ఎడమచేత్తో హ్యాండిల్ పట్టి గట్టిగా ఊపి చూశాడు. ఏ చప్పుడూ రాలేదు.

"గట్టిగానే ఉండాదిక్కా."

"విరిగేదాంక గట్టిగనే ఉంటది బిడ్డా."

"ఇప్పుడా సెప్పేది?" అతని గొంతు మారింది. "పైన కొన కనపడతాంది. ఆపితే వీడు పోతాడు. నేనింగ యాడ పట్టుకుంటా? ఎవురు బిగిచ్చినారు దాన్ని?"

"నేనే. తప్పు నాదే."

దిగుడు మొదలయ్యాక కారు రైడరును దాటకూడదు, పక్కకు రాకూడదు. అంటే బ్యానరు దాటితే ఇక చెప్పేదీ చేసేదీ ఏమీ ఉండదు. వెనక నుంచి చూడడమే. హరి మళ్లీ నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. అందులో కోపం ఉంది. కోపం కింద, మొదటిసారి, భయం కనిపించింది. నేను పెట్టిన భయం అది.

"నీ తమ్ముడైతే ఆపుతావా?" అని అడిగాడు.

"ఆపుత."

ఇంకో నాలుగైదు సార్లు తొక్కాడు. తర్వాత కాలు కింద పెట్టాడు.

పైనున్న పెద్ద స్పేర్ సైకిల్‌ను రెంచ్ పడకముందే, కొండాపూర్‌లో ఉండగా బిగించాను. ఆ తర్వాత ముట్టలేదు. దాన్ని దించి చేతికిచ్చాను. అది మరో రైడరు కొలతది, సీటు హరికి రెండు సెంటీమీటర్లు ఎత్తు. దించబోతే "వద్దులే, ఇయ్యి" అని లాక్కున్నాడు. నడుము పట్టుకుని తోశాను. పక్కవాడు అప్పటికే బ్యానరు దాటి మబ్బులో కలిసిపోయాడు.

ఇంతటితో భయం తీరిందనుకున్నాను. తీరలేదు, మరో రకంగా మొదలైంది. అలవాటు లేని సైకిల్, ఎత్తు సీటు, తడి రోడ్డు, కోపంతో ఉన్న మనిషి. ఒక ప్రమాదం నుంచి తప్పించి మరో ప్రమాదంలోకి నేనే తోశానా? పది మీటర్ల ముందు ఏముందో కనిపించడం లేదు. మబ్బు పలచబడ్డ మలుపుల్లో అతని వీపు ఒకసారి కనిపించి మాయమవుతోంది. రాజు గారు కారును అంత వేగంగా నడపడం నేనెప్పుడూ చూడలేదు. అయినా హరి మాకు దూరమైపోయాడు.

పదకొండో పన్నెండో మలుపు. తడి రోడ్డు మీద ఒక నల్లటి జారుడు గీత. అది రాళ్ల కట్ట దాకా వెళ్లి ఆగిపోయింది. అక్కడే మా టీము రంగు నీళ్ల సీసా ఒకటి మెల్లగా దొర్లుతోంది.

హరి లేడు.

రాజు గారు బ్రేకు తొక్కారు. ఆయన పెదవుల నుంచి "స్వామీ" అన్న మాట వచ్చింది. నేను తలుపు తీసి కట్ట దగ్గరికి పరిగెత్తాను. వంగి చూశాను. కింద మబ్బు, అక్కడక్కడ చెట్ల కొసలు. ఏదైనా రంగు కనిపిస్తుందేమోనని వెతికాను. కనిపించకూడదని కూడా అనుకున్నాను.

అంతలో మబ్బు ఒక్క క్షణం విడింది. రెండు మలుపుల కింద, సన్నటి రోడ్డు మీద, ఒక ఆకుపచ్చ చొక్కా వంగి తొక్కుకుంటూ పోతోంది.

పరిగెత్తి కారెక్కాను. గేరు వేసే ముందు రాజు గారి చెయ్యి రెండుసార్లు తప్పిపోయింది.

హరి ఆ రోజు తొమ్మిదో స్థానంలో వచ్చాడు. అతనితో పాటు కొండెక్కినవాడు స్టేజీ గెలిచాడు. మా నుంచి రేసు పోయింది.

ముగింపు గీత దగ్గర, కార్లు నిలిపే మైదానంలో, మధ్యాహ్నం ఎండలో హరి కింద కూర్చుని ఉన్నాడు. జారినప్పుడు మోచేయి చీరుకుపోయింది. దానికి కట్టు కడుతుంటే నా వైపు చూడకుండా అన్నాడు.

"సూపియ్యి. ఏం విరిగిందో సూపియ్యి."

అందరి ముందూ స్టెమ్ ఊడదీశాను. బోల్టులు గట్టిగా ఉన్నాయి, ఉండాల్సిన దానికంటే చాలా గట్టిగా. ఫోర్కు బయటికి లాగి, స్టీరర్‌ను గుడ్డతో తుడిచి ఎండకు పట్టాను. స్టెమ్ కరిచిన చోట మసక గుర్తు తప్ప ఏమీ లేదు. గీత లేదు. రూపాయి బిళ్లతో చుట్టూ తట్టి విన్నాను. కార్బన్ లోపల పగిలితే చప్పుడు మొద్దుబారుతుంది. అన్నిచోట్లా ఒకేలా పలికింది.

"ఏం లేదుగా," అన్నారు రాజు గారు.

"కనవడుతలేదు సార్."

"కనపడటం లేదా, అసలు లేదా?"

ఆయన పొద్దున అడిగిన ప్రశ్న లాంటిదే మళ్లీ అడిగారు. హరి లేచి, దుమ్ము దులుపుకుని, కుంటుకుంటూ వెళ్లిపోయాడు. మరునాడు చివరి స్టేజీ తొక్కాడు. మొత్తం మీద ఆరో స్థానం. తిరిగి హైదరాబాద్ వచ్చేదాకా వ్యానులో అతను కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. కూకట్‌పల్లిలో దిగేటప్పుడు రాజు గారు, "వచ్చే ఏడాదికి వేరే వాళ్లని చూసుకుంటామమ్మా, ఏమీ అనుకోకు" అన్నారు. నేను ఏమీ అనుకోలేదు. అనుకునే హక్కు లేదనిపించింది.

ఆ ఫోర్కును మాత్రం వదల్లేదు. చర్లపల్లిలో మా పాత పెద్దసారు వెంకటరెడ్డి గారి దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన రిటైరయ్యాక చిన్న పరీక్ష కేంద్రం నడుపుతున్నారు. శబ్ద తరంగాలతో లోపలి పొరలు చూసే యంత్రం ఉంది ఆయన దగ్గర. గంటన్నర చూశారు. చివరికి తెర మీద ఒక చోట వేలు పెట్టారు. వడ్లగింజంత మచ్చ. పొరలు అక్కడ విడివడ్డాయి.

"గిది నా బిగుతు వల్లనేనా సార్?" అని అడిగాను.

"అయ్యుండొచ్చు. తయారీలోనే ఉండొచ్చు."

"విరుగుతుండెనా?"

ఆయన కళ్లజోడు తీశారు. "నేను చెప్పలేనమ్మ. పదేండ్లు ఏం కాకపోవచ్చు. తెల్లారే పోవచ్చు. దాని మీద నన్ను కొండ దిగమంటె నేను దిగ. గంతే." తర్వాత రెంచ్ తీసుకుని పరీక్షించి, నా వైపు చాలాసేపు చూశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నెలన్నర తర్వాత, ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, హరి ఒక సైకిల్ నడిపించుకుంటూ షాపుకు వచ్చాడు. మెడలో కంపెనీ ఐడీ కార్డు వేలాడుతోంది. ఇంట్లో ఇచ్చిన మాట ప్రకారం ఉద్యోగంలో చేరాడు. రేసు సైకిల్ టీముకు తిరిగి ఇచ్చేశాడు. ఇది అతని సొంత పాత సైకిల్. ఆఫీసుకు తొక్కుతున్నాడట.

కుర్చీ వేశాను. కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి అడిగాడు.

"దాన్ని పరీక్ష సేయించినావంట గదా. ఇమ్రాన్ సెప్పినాడు. విరిగేదేనా?"

అవునని చెబితే అతనికి నెమ్మది దొరికేది. నాకు ఇంకా ఎక్కువ దొరికేది. ఆ ఒక్క మాట నాలుక చివర దాకా వచ్చింది.

"తెల్వదు హరీ. ఒక మచ్చ ఉంది. విరుగుతుండెనో లేదో ఎవ్వరు చెప్పలేరన్నరు."

బయట ఆఫీసు క్యాబులు హారన్లు కొడుతున్నాయి.

"నువ్వు నోరు మూసుకోనుంటే గెలిచేవాణ్నేమో అక్కా. ఎవురికీ తెలిసేది గూడా కాదు."

"నాకు తెలుస్తుండె."

అతను తల ఊపాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు. "దిగేటప్పుడు ఒగసారి జారినా. కట్ట దగ్గర," అన్నాడు. "ఆ పొద్దు మొదటిసారి బయమేసింది. అంతకుముందు ఎప్పుడూ లేదు." తర్వాత, "బ్రేకు వైరు మార్చు. సాయంత్రం వస్తా" అని సైకిల్ నాకు అప్పగించి, ఆఫీసు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా రెంచులకు స్టిక్కర్లు ఉన్నాయి. కింద పడ్డ పనిముట్టును సరిచూసేదాకా ఎర్ర రిబ్బను కట్టి పక్కన పెడతాను. కానీ ఆ రేసు నేర్పింది ఇది కాదు, ఇది నాకు చర్లపల్లిలోనే తెలుసు. నేర్పింది ఏమిటంటే, మన పనిలో తప్పు దొరికిన మరుక్షణమే మన తెలివి మనకు వకీలుగా మారుతుంది. గట్టి గొట్టం కదా, నిన్న ఏమీ కాలేదు కదా అని ఎంతో నమ్మకంగా వాదిస్తుంది. రుజువు దొరికాక చెబుదామంటుంది. కొన్ని పనుల్లో రుజువు అంటే మనిషి పడిపోవడమే. అందుకే నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు మొదటి రోజే ఒక మాట చెబుతాను. అనుమానం వస్తే ముందు నోరు తెరవండి, పనిముట్ల పెట్టె తర్వాత తెరవొచ్చు.